మీవారి పంతం, మీ రెండర్, మధ్యలో ఒక గ్రాఫిక్స్ కార్డు

ప్రశ్న:

బెంగళూరు మారతహళ్లి నుంచి, పేరు వేయొద్దంటూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. సొంతూరు మదనపల్లె, వయసు 34. బాబు పుట్టాక ఉద్యోగం మానేసి, ఇంట్లోంచే ఇంటీరియర్ డిజైనర్లకు బ్లెండర్‌లో 3డీ బొమ్మలు చేసి ఇస్తున్నారు. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఓపెన్ సోర్స్ (సోర్సు కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్) అంటే ప్రాణం. ఇంట్లో ఉన్న ఒకే ఒక డెస్క్‌టాప్‌లో విండోస్ ఏనాడూ అడుగు పెట్టలేదు, ఇప్పుడు లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04 నడుస్తోంది. 2020లో కొన్న మెషీన్ అది. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె), ఎన్‌విడియా జీటీఎక్స్ 1050 టీఐ కార్డు.

ఒక సోమవారం పొద్దున పదకొండింటికల్లా క్లయింటుకి కిచెన్ డిజైన్ పంపాలి. ఆవిడ సిస్టమ్ ఆన్ చేస్తే నల్ల తెర, మూలన మిణుకుమనే ఒక గీత. రాత్రి ఏదో అప్‌డేట్ పడిందట. ఆయన ఆఫీసు పనిమీద హైదరాబాద్‌లో ఉన్నారు, ఫోన్ ఎత్తేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ క్లయింటు మిగిలిన పని వేరేవాళ్లకి ఇచ్చేశాడు.

అప్పటి నుంచి ఇంట్లో ఇదే చర్చ. "పాపమంతా ఎన్‌విడియాది, ఈసారి ఏఎండీ తప్ప ఇంకోటి గడప తొక్కదు" అని ఆయన. 2012లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో ఎన్‌విడియాకి మధ్యవేలు చూపించిన వీడియోని ఇప్పటికి ఎన్నిసార్లు చూపించారో. "బ్లెండర్ అంటే ఎన్‌విడియానే, ఇంకేదీ కొనకు" అని తోటి పనివాళ్లు. వీళ్లింట్లోనే ఉండి ఇంజినీరింగ్ చదువుతున్న మరిదికి గేములు ఆడుకోవాలని ఉంది. కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్‌లో అడిగితే షాపతను "లినక్స్‌కా మేడమ్? దానికి వారంటీ రాదు" అన్నాడు. ఒకప్పుడు భర్తే ఇదే కార్డు మీద ఓపెన్ సోర్స్ డ్రైవర్ (కార్డుని సిస్టమ్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్) వేసి చూపించారట. బ్లెండర్‌లో మోడల్ తిప్పుతుంటే నత్త నడిచింది. వచ్చే నెల నుంచి ఈవిడ ఒక మెషీన్ లెర్నింగ్ కోర్సులో కూడా చేరుతున్నారు. చేతిలో ఉన్నది తను సంపాదించుకున్న 40,000 రూపాయలు.

"ఆయన మాట కాదంటే నాలుగు రోజులు ముఖం మాడ్చుకుంటారు. కాదనకపోతే నా పని ఆగిపోతుందేమోనని టెన్షన్. ఏ కార్డు కొనాలో చెప్పండి" అని అడిగారు.

జవాబు:

ముందు మీ మరిది సంగతి తేల్చేస్తాను, అది సులువు. అతను ఆడాలనుకునేది వాలొరాంట్ అయితే, లినక్స్ మీద అది ఏ కార్డుతోనూ నడవదు. దాని యాంటీ చీట్ (మోసం చేసి ఆడేవాళ్లని పట్టే ప్రోగ్రామ్) విండోస్ కెర్నల్‌లోకి, అంటే సిస్టమ్‌ని నడిపే మూల ప్రోగ్రామ్‌లోకి, దిగి కూర్చునే రకం. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 అయితే లినక్స్‌కే నేరుగా వస్తాయి. స్టీమ్‌లో దొరికే విండోస్ గేములు చాలావరకు వాటిని లినక్స్ మీద నడిపే ప్రోటాన్ పుణ్యమా అని నడుస్తాయి, ఏఎండీ మీదా ఎన్‌విడియా మీదా. కాబట్టి ఈ కార్డు విషయంలో అతని ఓటు లెక్కలోకి రాదు. అన్నావదినలు కొన్నదానితో ఆడుకుంటాడు.

ఇక ఆ సోమవారం. మీ ఉత్తరంలో కార్డు గురించి రాసినదానికంటే ఆ ఉదయం గురించి రాసిందే ఎక్కువ ఉంది. అందుకే దాన్ని కాస్త విడదీసి చెబుతాను.

ఉబుంటు భద్రతకు సంబంధించిన అప్‌డేట్లను మిమ్మల్ని అడగకుండానే వేసుకుంటుంది. కొత్త కెర్నల్ కూడా అలాగే వస్తుంది. ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్లు కెర్నల్‌లోనే భాగం, కెర్నల్ మారితే అవీ దాంతోపాటే మారతాయి. ఎన్‌విడియా డ్రైవర్ బయటిది, ప్రతి కొత్త కెర్నల్‌కీ దాన్ని మళ్లీ సరిపోయేలా కట్టి పెట్టాలి. ఇంటి వంటకీ హోటల్ క్యారేజీకీ ఉన్న తేడా అనుకోండి. క్యారేజీ ఎంత రుచిగా ఉన్నా, అది రాని పూట పస్తే. ఆ రాత్రి మీ మెషీన్‌లో కొత్త కెర్నల్ వచ్చింది, దానికి తగ్గ డ్రైవర్ తయారు కాలేదు, లేదా తయారైనా లోడ్ కాలేదు. నాకు కనిపిస్తున్న కారణం ఇదే.

లోడ్ కాకపోవడానికి తరచూ కనిపించే కారణం ఒకటుంది. బయాస్‌లో (సిస్టమ్ లేచేముందు నడిచే బోర్డు సెట్టింగ్స్‌లో) సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, సంతకం లేని డ్రైవర్‌ని కెర్నల్ రానివ్వదు. ఆ సంతకం కోసం డ్రైవర్ వేసేటప్పుడు ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తర్వాత రీస్టార్ట్ అవుతున్నప్పుడు నీలం తెర ఒకటి వస్తుంది. అందులో ఎన్‌రోల్ ఎంఓకే అనేదాన్ని ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. పది సెకన్లలోపు ఏ మీటా నొక్కకపోతే ఆ తెర తనంతట తనే వెళ్లిపోతుంది, మళ్లీ పిలవందే రాదు. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్లొచ్చేసరికి అయిపోతుంది. ఇంటర్నెట్‌లో "ఎన్‌విడియా లినక్స్‌లో పనిచేయదు" అని తిట్టుకునేవాళ్లలో ఆ పది సెకన్లు తప్పినవాళ్లూ ఉంటారు.

ఆ రోజు మీకు కావాల్సిన పరిష్కారం రెండు నిమిషాల పని. సిస్టమ్ ఆన్ చేసి, బోర్డు కంపెనీ లోగో పోగానే ఎస్కేప్ మీట ఒకసారి నొక్కండి. పాత పద్ధతి బయాస్ అయితే షిఫ్ట్ పట్టుకుని ఉండాలి. గ్రబ్ మెనూ (ఏ కెర్నల్‌తో లేవాలో అడిగే జాబితా) వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు అన్న వరుసలోకి వెళ్తే పాత కెర్నల్ కూడా కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే నిన్నటి డ్రైవర్‌తో నిన్నటిలాగే మెషీన్ లేస్తుంది. పదకొండింటికి కిచెన్ వెళ్లిపోయేది. ఈ సంగతి మీవారికి తప్పక తెలుసు. మీకు తెలియాలన్న ఆలోచనే ఆయనకు వచ్చినట్టు లేదు.

నాకు అసలు చిక్కు కనిపిస్తున్నది ఇక్కడే. మెషీన్ మీద బతుకుతెరువు మీది, తాళంచెవి ఆయన దగ్గర. ఇది సరిచేయకుండా ఏ కార్డు తెచ్చినా ఇంకో సోమవారం రాకపోదు. ఏఎండీ తెచ్చినా సరే. కెర్నల్‌తోపాటు వచ్చే డ్రైవర్‌లో కూడా అప్పుడప్పుడు ఒక వెర్షన్‌లో తప్పులు దొర్లుతాయి. అప్పుడు కూడా మందు అదే పాత కెర్నల్. ఈ శనివారం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, చేతులు కట్టుకోమని చెప్పి, మీరే గ్రబ్ తెరిచి పాత కెర్నల్‌లోకి వెళ్లి రండి. టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ వేసుకుని, సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి ఒక స్నాప్‌షాట్ (నకలు) తీసి, దాన్ని తిరిగి పెట్టడం కూడా మీ చేత్తోనే చేయండి. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఇప్పుడు మీవారి పంతం. అందులో న్యాయం ఉంది, కాదనను.

1050 టీఐ 2016 నాటి పాస్కల్ తరం కార్డు. ఆయన ఓపెన్ సోర్స్ డ్రైవర్ వేసినప్పుడు నత్తనడక నడిచిందని రాశారు కదా, అందులో ఆయన తప్పు లేదు, ఆ డ్రైవర్ రాసినవాళ్ల తప్పూ లేదు. నూవో అనే ఆ డ్రైవర్‌ని బయటి ప్రోగ్రామర్లు కార్డు ఎలా పనిచేస్తుందో గమనిస్తూ రాసుకున్నారు. జీటీఎక్స్ 900 సిరీస్ నుంచి ఎన్‌విడియా ఏం చేసిందంటే, కార్డు వేగాన్ని పెంచే పని తను సంతకం చేసిన ఫర్మ్‌వేర్‌కే (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్‌కే) అప్పగించింది. ఆ ఫర్మ్‌వేర్ వాళ్లకి ఇవ్వలేదు. దాంతో కార్డు ఆన్ అయినప్పుడున్న అడుగు వేగంలోనే ఉండిపోతుంది. పైగా నూవో మీద క్యూడా (CUDA, కార్డు చేత లెక్కలు చేయించే ఎన్‌విడియా సొంత పొర) అనేదే లేదు కాబట్టి బ్లెండర్ రెండర్, అంటే మోడల్‌ని తుది బొమ్మగా మార్చే లెక్క, మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. ఇంకో దెబ్బ కూడా ఉంది. పాస్కల్ కార్డులకు ఎన్‌విడియా సొంత డ్రైవర్‌లో 580 సిరీసే ఆఖరిది, ఆ తర్వాతివి ఈ కార్డుని గుర్తించవు. అంటే మీరు కార్డు మార్చాలనుకోవడం సరైన సమయంలోనే జరుగుతోంది.

అటువైపు ఏఎండీ చరిత్ర చూస్తే, 2006లో ఏటీఐని కొన్నాక 2007 నుంచే కార్డుల వివరాలు బయట పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు వాడుతున్న ఏఎండీజీపీయూ డ్రైవర్ 2015లో 4.2 కెర్నల్‌లో చేరింది. గేములకు వాడే రాడ్‌వీ అన్న వల్కన్ (గేముల గ్రాఫిక్స్‌ని కార్డుకి అందించే పద్ధతి) డ్రైవర్‌ని మొదలుపెట్టింది కంపెనీ బయటివాళ్లు. అది ఎంత బాగా కుదిరిందంటే, 2025లో ఏఎండీ తన సొంత ఓపెన్ సోర్స్ వల్కన్ డ్రైవర్‌ని ఆపేసి దీనికే మద్దతు అంది. తలుపు తెరిచి పెడితే ఏం జరుగుతుందో చూపడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి? కాబట్టి మీవారు వట్టి అభిమానంతో మాట్లాడట్లేదు.

అయితే ఆయన గీసిన గీత ఆయన అనుకున్నంత నిటారుగా లేదు. ఏఎండీ కార్డు కూడా పనిచేయాలంటే కంపెనీ ఇచ్చే మూసిన ఫర్మ్‌వేర్ ఫైళ్లు కావాలి. లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీలో అవి ఉంటాయి, అవి లేకపోతే తెర తప్ప కార్డు లేదు. ఉబుంటుకి మూలమైన డెబియన్ అంత పట్టింపు ఉన్న ప్రాజెక్టే 2022లో ఓటు పెట్టుకుని, మూసిన ఫర్మ్‌వేర్‌ని తన ఇన్‌స్టాలర్‌లో చేర్చింది. ఎన్‌విడియా వైపు కూడా 2012 నాటి పరిస్థితి లేదు. 2022 మే నెలలో తన కెర్నల్ మాడ్యూళ్ల సోర్సు కోడ్ బయట పెట్టింది, ట్యూరింగ్ తరం (2018) నుంచి వచ్చిన కార్డులన్నింటికీ అది పనికొస్తుంది. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కైతే ఆ ఓపెన్ మాడ్యూల్ తప్ప వేరే దారే లేదు. క్యూడా, ఆప్టిక్స్ లాంటి పై పొరలు మాత్రం ఇంకా మూసే ఉన్నాయి. మీ రెండర్‌కి కావాల్సింది ఖచ్చితంగా ఆ పై పొరలే. ఎన్‌వీకే పేరుతో పూర్తి ఓపెన్ వల్కన్ డ్రైవర్ కూడా వచ్చింది, గేములకు పనికొస్తుంది, బ్లెండర్‌లో రెండర్ చేసే సైకిల్స్ ఇంజిన్‌కి దానితో పని లేదు.

ఆ వీడియో ఇంకోసారి చూపిస్తే ఈ మాట ఆయనకు చెప్పండి, వాదించడానికి అవసరమైతే.

ఇక మీ పని. బ్లెండర్ 2002 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, మీవారికి దాని మీద అభ్యంతరం ఉండదు. దాని సైకిల్స్ ఇంజిన్ ఎన్‌విడియా మీద ఆప్టిక్స్ ద్వారా, ఏఎండీ మీద హిప్ ద్వారా, ఇంటెల్ మీద వన్ఏపీఐ ద్వారా రెండర్ చేస్తుంది. మూడూ పనిచేస్తాయి. వేగంలో ఎన్‌విడియా ముందుంది, అదే ధర కార్డుల మధ్య కూడా తేడా బాగానే కనిపిస్తుంది. బ్లెండర్ వాళ్లే ఓపెన్ డేటా పేరుతో కార్డులవారీగా స్కోర్లు అందరికీ చూపిస్తున్నారు, మీరు చూస్తున్న మోడళ్లని అక్కడ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తోటి పనివాళ్ల మాట ఈ మేరకు నిజమే.

కానీ మీ తరహా పనికి వేగం కన్నా ముందు వీ-ర్యామ్ (VRAM, కార్డు సొంత మెమరీ) చూడాలి. 4కే టెక్స్చర్ (మోడల్ మీద పరిచే మెటీరియల్ బొమ్మ) ఒకటి, అంటే 4096 పిక్సెళ్ల చదరం, మెమరీలో విప్పుకుంటే 64 ఎంబీ పడుతుంది. జేపెగ్ ఫైలు సైజు చూసి మోసపోకండి. ఒక కిచెన్‌లో గ్రానైట్, లామినేట్, టైల్స్, స్టీలు, చెక్క, కర్టెన్ గుడ్డ ఇలా ఒక 15 రకాల మెటీరియల్ ఉందనుకుందాం. ఒక్కోదానికి రంగు, నునుపు, గరుకు గీతలు అని మూడేసి బొమ్మలు వేస్తే 45. అంటే 2,880 ఎంబీ. ఇది టెక్స్చర్ల వాటా మాత్రమే. మోడల్, లైటింగ్, తెర చూపించడానికి కావాల్సింది అన్నీ పైన. మీ 4 జీబీ కార్డు ఎందుకు ఆయాసపడుతోందో తెలిసిపోయింది కదా. 8 జీబీ కార్డు ఇవాళ్టికి సరిపోతుంది, హాలూ డైనింగూ కలిపి ఒకే సీన్‌లో అడిగే క్లయింటు వస్తే చాలదు. 12 లేదా 16 ఉంటే నిశ్చింత. ఈలోపు, రెండర్ సెట్టింగ్స్‌లో సింప్లిఫై కింద టెక్స్చర్ లిమిట్ 2048కి తగ్గించి చూడండి, ఒక్కో బొమ్మా నాలుగో వంతుకు దిగుతుంది. దూరంగా ఉన్న గోడ టైల్ 2కేనో 4కేనో ఏ క్లయింటూ కనిపెట్టలేడు.

మెషీన్ లెర్నింగ్ కోర్సు కోసమని కార్డు ఎంచుకోకండి. మొదటి నెలల్లో చేసే అభ్యాసాలకు గూగుల్ కొలాబ్‌లోనో కాగుల్‌లోనో ఉచితంగా దొరికే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) చాలు. కోర్సు నచ్చి, అదే దారిలో వెళ్లాలనిపిస్తే అప్పుడు ఆలోచించొచ్చు. పాఠాలన్నీ ఎన్‌విడియా క్యూడా ఉందనుకునే రాస్తారన్నది మాత్రం గుర్తుంచుకోండి. క్యూడాకి పోటీగా వచ్చిన ఏఎండీ వాళ్ల ఆర్ఓసీఎం మెరుగుపడుతోంది, కొత్త కార్డుల్లో కొన్నింటికి అధికారికంగా మద్దతు ఇచ్చింది, మెషీన్ లెర్నింగ్‌కి వాడే పైటార్చ్ నడుస్తుంది. కానీ పాఠంలో రాని ఎర్రర్ మీ తెర మీద వచ్చినప్పుడు అడగడానికి మనుషులు తక్కువ.

ఇప్పుడు దారులు చూద్దాం.

ఏఎండీలో మీ బడ్జెట్‌కి దగ్గరగా ఉండేది ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, అందులోనూ 16 జీబీది. అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, బాక్సు మీద చూసి తీసుకోండి. 160 వాట్ల కార్డు కాబట్టి మంచి కంపెనీది అయితే మీ 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌తోనే నడవొచ్చు. ఇది 2025 కార్డు, దీనికి కొత్త కెర్నల్, కొత్త మెసా (ఓపెన్ గ్రాఫిక్స్ లైబ్రరీలు) కావాలి. ఉబుంటు 24.04.3తో వచ్చిన 6.14 కెర్నల్ అయినా ఉందో లేదో ముందు చూసుకోండి. ఇంకా 6.8 దగ్గరే ఉంటే కార్డు బిగించకముందే కొత్త హార్డ్‌వేర్ కోసం ఉబుంటు ఇచ్చే హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్‌కి మారాలి. బ్లెండర్ కూడా కొత్తదే వేసుకోవాలి. డెస్క్‌టాప్ వరకు డ్రైవర్ వేసే పనే ఉండదు, పెట్టి ఆన్ చేయడమే. రెండర్‌కి మాత్రం హిప్ లైబ్రరీలు విడిగా వేసుకోవాలి, చాలామంది ఇక్కడే తడబడతారు, కార్డు పేరు బ్లెండర్ సెట్టింగ్స్‌లో కనిపించదు. ఆ పని మీవారికి అప్పజెప్పండి, ఉత్సాహంగా చేస్తారు. దీని ఫలితం: అప్‌డేట్ల భయం బాగా తగ్గుతుంది, వీ-ర్యామ్ సమృద్ధిగా ఉంటుంది, ఇంట్లో శాంతి. రెండర్ మాత్రం అదే డబ్బుకి వచ్చే ఎన్‌విడియా కంటే నిదానం. రాత్రి పెట్టి పొద్దున చూసుకునే అలవాటు ఉంటే ఆ తేడా మిమ్మల్ని బాధించదు. క్లయింటుని ఫోన్‌లో పెట్టుకుని రంగులు మార్చి చూపించే పని ఎక్కువైతే బాధిస్తుంది. మానిటర్‌ని డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో కలపండి. 2024లో హెచ్‌డీఎంఐ ఫోరమ్ ఏఎండీ ఓపెన్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 పెట్టడానికి ఒప్పుకోలేదు, 4కే టీవీకి 120 హెర్ట్జ్‌లో కలపాలనుకుంటే అక్కడ చిక్కు వస్తుంది.

ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ మీ పనికి చక్కగా సరిపోతుంది, కానీ 40,000 దాటే అవకాశం ఎక్కువ. దానికి ఎస్ఎంపీఎస్ కూడా మార్చాలి, కంపెనీ 600 వాట్లు ఉండాలంటోంది. మామూలు 5060లో 8 జీబీయే. 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060, 2021 నాటిదైనా, కొత్తది ఎక్కడైనా స్టాకులో దొరికితే బ్లెండర్‌కి ఇప్పటికీ మంచి బేరమే. ఫలితం: రెండర్ వేగం, కోర్సుకి క్యూడా, తోటివాళ్ల ఫైళ్లు తెచ్చుకుంటే అలాగే తెరుచుకోవడం. బదులుగా ఏం ఒప్పుకుంటున్నారంటే, ప్రతి కెర్నల్ మార్పుకీ ఒక కన్ను వేసి ఉంచడం. డ్రైవర్‌ని ఎన్‌విడియా వెబ్‌సైట్ నుంచి తెచ్చి వేయకుండా, ఉబుంటులోని అడిషనల్ డ్రైవర్స్ నుంచే వేయండి. అక్కడ వచ్చేవి ముందే సంతకం చేసినవి, కెర్నల్‌తో జతగా నడుస్తాయి. నేను చూసినంతలో నల్ల తెర కేసుల్లో సగం ఈ ఒక్క జాగ్రత్తతో పోతాయి. వేల్యాండ్‌లో (లినక్స్‌లో తెర చూపించే కొత్త పద్ధతిలో) తెర మెరుపుల సమస్య కూడా 2024లో వచ్చిన 555 డ్రైవర్ నుంచి చాలావరకు తీరింది.

నాకు ఎక్కువ నచ్చే దారి ఇంకొకటి ఉంది, మీ ఇద్దరిలో ఎవరూ దాన్ని ప్రస్తావించలేదు. మీ 3600 ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేవు, అందుకే కార్డు పడుకుంటే తెర కూడా పడుకుంటుంది. అదే బోర్డులో 5600జీ ప్రాసెసర్ కూర్చుంటుంది, అందులో ఏఎండీ గ్రాఫిక్స్ లోపలే ఉన్నాయి. మానిటర్ కేబుల్‌ని బోర్డుకే పెట్టి, డెస్క్‌టాప్ మొత్తం ఏఎండీ ఓపెన్ డ్రైవర్ మీద నడిపించి, ఎన్‌విడియా కార్డుని రెండర్‌కి మాత్రమే కేటాయించొచ్చు. రేపు ఎన్‌విడియా డ్రైవర్ అలిగినా తెర వస్తుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి, క్లయింటుకి మెయిలైనా పెట్టగలరు. వ్యూపోర్ట్ (మోడల్ తిప్పి చూసుకునే కిటికీ) కూడా వేగంగా కావాలంటే బ్లెండర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, విడి గ్రాఫిక్స్ కార్డుతో తెరవమని చెబితే సరి. 5600జీ పీసీఐఈ 3.0 దగ్గరే ఆగుతుంది, మీ బీ450 కూడా అంతే కాబట్టి పోయేదేమీ లేదు. పాత ప్రాసెసర్ ఇంకా బోర్డు మీద ఉండగానే బయాస్ అప్‌డేట్ చేయించండి, తీసేశాక గుర్తొస్తే మళ్లీ మొదటికి రావాలి. ఇబ్బంది ఒక్కటే, డబ్బు. ప్రాసెసర్, 12 జీబీ కార్డు కలిపితే మీ 40,000లో ఇరుకవుతుంది, 3600 అమ్మితే కొంత తిరిగొస్తుంది. ప్రాసెసర్ ఇప్పుడు, కార్డు మూడు నెలలకు అని విడగొట్టినా తప్పు లేదు.

ఇంటెల్ ఆర్క్ బీ580 గురించి ఎవరైనా చెబుతారు, 12 జీబీ, ధర తక్కువ, డ్రైవర్ ఓపెన్. అన్నీ నిజమే. అయితే రీసైజబుల్ బార్ (ప్రాసెసర్‌కి కార్డు మెమరీ మొత్తం ఒకేసారి అందేలా చేసే బయాస్ సెట్టింగ్) తప్పనిసరి, పాత ప్రాసెసర్లతో ఆ కార్డు వేగం పడిపోతుందని తేలింది. మీ మెషీన్‌కి నేను చెప్పను.

సెకండ్ హ్యాండ్ కార్డుల జోలికి వెళ్లాలనిపిస్తే, బిల్లు, దాని మీద సీరియల్ నంబరు, మిగిలిన వారంటీ ఉంటేనే. మైనింగ్‌లో రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు ఎస్పీ రోడ్‌లో కడిగి తుడిచి మెరుస్తూ కూర్చుంటాయి. షాపతను చెప్పిన వారంటీ మాట పట్టించుకోకండి, వారంటీ గ్రాఫిక్స్ కార్డు మీద ఉంటుంది, మెషీన్‌లో ఏ ఓఎస్ నడుపుతున్నారన్నదానితో దానికి సంబంధం లేదు. అతనికి లినక్స్ గురించి ప్రశ్నలు రాకుండా ఉంటే చాలు, అంతే. అడగాల్సినవి వేరే ఉన్నాయి. కార్డు పొడవు ఎన్ని మిల్లీమీటర్లు, మీ క్యాబినెట్‌లో ఎంత ఖాళీ ఉంది, టేపు పెట్టి కొలుచుకుని వెళ్లండి. మీ 1050 టీఐకి విడిగా కరెంటు వైరు లేకపోయి ఉండొచ్చు, కొత్తవాటికి ఎనిమిది పిన్నుల వైరు కావాలి. ఎస్ఎంపీఎస్ నుంచి ఆ వైరు వస్తోందో లేదో మూత తీసి చూడండి. "కన్వర్టర్ ఇస్తాం మేడమ్, ఏం కాదు" అంటే వద్దనండి. ఎస్ఎంపీఎస్ దగ్గర పొదుపు చేసి కార్డు కాల్చుకున్నవాళ్లున్నారు.

మీవారితో మాట ఎలా మొదలుపెట్టాలన్నది మీరు నేరుగా అడగలేదు, కానీ ఉత్తరమంతా అదే ఉంది. ఏ కంపెనీ అన్న చోట మొదలుపెడితే ఆయన సిద్ధాంతం, మీ అవసరం ఎదురెదురుగా నిలబడతాయి, ఆ వాదనలో ఆయనకి అనుభవం ఎక్కువ. దానికి బదులు రెండు విషయాలు అడగండి. మీరు ఊళ్లో లేనప్పుడు ఇది ఆగితే నేనేం చేయాలి? హిప్ మీద నా కిచెన్ సీన్‌ని పదకొండింటిలోపు పూర్తి చేయించే బాధ్యత మీరు తీసుకుంటారా? రెండోదానికి ఆయన నిజంగా సరే అని, కూర్చుని చేసి చూపిస్తే 9060 ఎక్స్‌టీ తీసుకోండి, మనస్ఫూర్తిగా. అప్పుడది ఆయన పంతం కాదు, ఆయన పూచీ. నసిగితే 5600జీ, ఎన్‌విడియా జంట గురించి చెప్పండి. డెస్క్‌టాప్ మొత్తం ఓపెన్ డ్రైవర్ మీదే నడుస్తుందనేసరికి సగం మెత్తబడతారని నా అంచనా. అప్పటికీ ముఖం మాడ్చుకుంటే నాలుగు రోజులు మాడ్చుకోనివ్వండి. డబ్బు మీది, క్లయింటూ మీవాడే.

ఇంత గొడవెందుకు, విండోస్‌కి మారిపోతే పోదా అనిపించొచ్చు. అది తప్పేం కాదు, కానీ మీ చిక్కు దానితో తీరదు. తాళంచెవి ఇంకొకరి చేతికి పోతుంది, అంతే. అవసరం నిజంగా వస్తే ఇంకో డిస్క్ మీద వేసుకోవచ్చు, ఇప్పుడే యుద్ధం అక్కర్లేదు.

ఏ కార్డు తెచ్చినా, బిగించిన రోజే మీ పాత కిచెన్ ఫైలు తెరిచి పూర్తి రెండర్ పెట్టండి. సిస్టమ్‌ని స్లీప్‌లో పెట్టి లేపి చూడండి, లేచాక బ్లెండర్ ఇంకా కార్డుని గుర్తిస్తోందా అన్నది చాలామంది చూడరు. పాత కెర్నల్‌లోకి ఒకసారి వెళ్లి రండి. ఇవన్నీ షాపు వాళ్లు మార్చి ఇచ్చే గడువులోపే, డెలివరీలు లేని వారంలో. 1050 టీఐని మాత్రం మీ మరిది ఎంత అడిగినా అప్పుడే ఇవ్వకండి, 3600 ఉన్నంత కాలం కొత్త కార్డు సర్వీసుకు వెళ్తే తెర రావడానికి మీకు అదొక్కటే దిక్కు. 5600జీ వేయించుకున్నాక అయితే నిరభ్యంతరంగా ఇచ్చేయండి, తనకంటూ ఒక మెషీన్ కట్టుకుని కౌంటర్ స్ట్రైక్ ఆడుకుంటాడు.